మళ్ళీ వరంగలేనా?

సోమవారం లంచ్ డబ్బాలు తెరిచేటప్పుడు ఆఫీసులో ఎవరో ఒకరు అడుగుతారు, వీకెండ్‌కి ఎక్కడికెళ్ళారని. పోయిన నెల నేను వరంగల్ అన్నాను. "మళ్ళీ వరంగలేనా? ఎన్నిసార్లు వెళ్తారండీ బాబూ, ఏముందక్కడ?" అంది పక్క సీటామె. ఆమెనేం అనలేను. ఈ రెండేళ్ళలో వాళ్ళు బీదర్, హంపి, శ్రీశైలం, గండికోట, నాగార్జునసాగర్ అన్నీ చుట్టేశారు, ఇద్దరు పిల్లలతో, కార్లోనే. ఫోటోలు బ్రహ్మాండంగా ఉంటాయి. వాళ్ళబ్బాయి నిద్రమొహంతో ఉన్న ఫోటోలు కూడా బ్రహ్మాండంగానే ఉంటాయి.

ఆ పూట నవ్వి ఊరుకున్నాను గానీ జవాబు లోపల తిరుగుతూనే ఉంది. పిల్లలతో రెండు రోజుల ట్రిప్ అంటే ప్రతిసారీ కొత్త ఊరు వెతుక్కోనక్కర్లేదు. దగ్గర్లో ఒక ఊరు పట్టుకుని దానికే వెళ్ళాలి. మళ్ళీ వెళ్ళాలి. వెళ్ళిన ప్రతిసారీ అక్కడ తక్కువ చూడాలి. వినడానికి పిసినారితనంలా ఉంటుందని తెలుసు. నేను ఈ అభిప్రాయానికి పుస్తకాలు చదివి రాలేదు, ఒక దిక్కుమాలిన ట్రిప్ చేసి వచ్చాను.

అదీ వరంగలే. రెండేళ్ళ క్రితం మార్చి చివర్లో. మా ఆయన లిస్టు వేశాడు. ఆయన లిస్టు వేస్తే అందులో టైములు కూడా ఉంటాయి, మధ్యలో 'టీ, 10 నిమిషాలు' అని ఒక లైను కూడా ఉంటుంది. వేయి స్తంభాల గుడి, భద్రకాళి గుడి, పద్మాక్షి గుట్ట, కోట, జూ, రామప్ప, లక్నవరం చెరువు, పాకాల చెరువు, వచ్చేటప్పుడు యాదగిరిగుట్ట. తొమ్మిది. మ్యాప్ తీసి చూస్తే తెలుస్తుంది, రామప్ప ములుగు దాటి వెళ్ళాలి, పాకాల నర్సంపేట వైపు, రెండూ రెండు దిక్కులు. అప్పుడు మ్యాప్ ఎవరు చూశారు?

ఉప్పల్ దాటేసరికే గంట పట్టింది. ఘట్‌కేసర్ దగ్గర చిన్నోడు మొదటి వాంతి. వాడికప్పుడు రెండేళ్ళు. ఎలాగో హనుమకొండ చేరి, గుడి చూశామనిపించి, మధ్యాహ్నం మూడింటికి రామప్ప దగ్గర దిగాం. రామప్ప గురించి నేను ఒక్క మాట తక్కువ మాట్లాడను. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు, దాని శిఖరం ఇటుకలు నీళ్ళ మీద తేలేంత తేలిక, పునాది కింద ఇసుక నింపారు. ఇదంతా మా ఆయన కార్లో ఫోన్ చూసి చదువుతూనే ఉన్నాడు. కానీ చెప్పులు వదిలేసి మార్చి ఎండలో ఆ రాళ్ళ మీద అడుగుపెట్టారా మీరెప్పుడైనా? పెద్దది అప్పటికి ఏడేళ్ళది, నాలుగడుగులు వేసి మళ్ళీ కారు దగ్గరికి పరిగెత్తింది. నేను చిన్నోణ్ణి చంకనేసుకుని, చున్నీ కొంగు వాడి తల మీద కప్పి, నీడ నుంచి నీడకి గెంతుతూ గుడి చుట్టూ తిరిగాను. ఆ మదనికల్ని, అదే స్తంభాల పైన చెక్కిన ఆడవాళ్ళ శిల్పాల్ని, చూశాను. నిజానికి చూడలేదు, అటువైపు మొహం పెట్టానంతే.

రాత్రి లాడ్జిలో ఎక్స్‌ట్రా బెడ్ ఇస్తామని ఫోన్లో చెప్పినవాళ్ళు ఒక బొంత ఇచ్చారు. తెల్లారి లిస్టులో ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయి. నాలుగూ వదిలేసి ఇంటికొచ్చేశాం. దార్లో మా ఆయన, నేను భువనగిరి దాకా మాట్లాడుకోలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు రిసార్టులకి వెళ్ళాం. దాని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. పిల్లలకి స్విమ్మింగ్ పూల్, పెద్దవాళ్ళకి బఫే, ఆదివారం పదకొండింటికి చెకౌట్. ఎక్కడి రిసార్టయినా అదే పనీర్, అదే గుడ్డి వెలుతురు. పిల్లలు సంతోషంగానే ఉన్నారు, అబద్ధమెందుకు. కానీ నెల తర్వాత ఏ రిసార్టు ఏది అని వాళ్ళకీ తెలియలేదు, మాకూ తెలియలేదు.

అప్పుడొకరోజు మా అత్తగారు మాటల్లో ఒక మాట అన్నారు. ఆవిడది తెనాలి. ఇల్లు అమ్మేశాక మా దగ్గరే ఉంటున్నారు. పెద్దది సెలవుల్లో ఎక్కడికెళ్దాం, ఎక్కడికెళ్దాం అని ప్రాణం తీస్తుంటే, "మా పిల్లలు ఇట్లా అడిగేవాళ్ళు కాదమ్మాయ్. సెలవులంటే వాళ్ళ అమ్మమ్మగారి ఊరే. ఏటా అదే ఊరు. ఎవ్వడూ బోరన్న పాపాన పోలేదు" అన్నారు.

ఆ మాట నాకు పట్టేసింది. మేమూ అంతే కదా. ప్రతి వేసవికీ అదే బస్సు, అదే స్టాపు, దిగగానే అదే కిళ్ళీకొట్టు. అక్కడ చూడాల్సినవి ఏమున్నాయని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక్కటీ లేదు. ఒక చెరువు, ఒక రైస్ మిల్లు. అయినా ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ వీధి మలుపు మలుపు చెప్పగలను. మళ్ళీ మళ్ళీ వెళ్ళాం గనక ఆ ఊరు మాదయింది. మా పిల్లలకి అది లేదు. వాళ్ళ అమ్మమ్మ మా పక్క అపార్ట్‌మెంట్లోనే ఉంటుంది, తాతగారింటికి వెళ్ళాలంటే లిఫ్ట్ దిగి లిఫ్ట్ ఎక్కడమే. అమ్మమ్మ ఊరు లేని పిల్లలకి ఒక రెండో ఊరు కొని తేలేం గానీ, టికెట్టు కొని చూపించొచ్చు.

ఇంకొకటి, పిల్లలు మనలా కాదు. మనకి చూసేసింది మళ్ళీ చూడాలంటే విసుగు, వాళ్ళకి అదే సరదా. ఏడు చేపల కథ రోజూ రాత్రి చెప్పించుకునే వయసు వాళ్ళది. ఒక్క చేపని మింగేస్తే ఊరుకోరు, వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ చెప్పిస్తారు. అలాంటివాళ్ళని పట్టుకుని ప్రతి నెలా కొత్త ఊరు, కొత్త హోటలు, కొత్త బాత్రూమ్ అంటే, ఒక ఊళ్ళో వాళ్ళకి కాస్త అలవాటయ్యే టైముకి మనం సామాను సర్దేస్తుంటాం.

సరే, వరంగలే ఎందుకు? నిజం చెప్పాలంటే పెద్ద ఆలోచనేం లేదు. సికింద్రాబాద్‌లో రైలెక్కితే కాజీపేటకి 130 కిలోమీటర్ల చిల్లర, రెండు గంటల పైన కాస్త. చిన్నోడి ఓపికా సరిగ్గా అంతే. ఇంకా దూరమైతే వాడు కిటికీ చువ్వలు నాకడం మొదలుపెడతాడు. పైగా పోయినసారి చూడని నాలుగు మిగిలిపోయాయన్న బాధ మా ఆయనకి ఉండనే ఉంది, ఒప్పించడం తేలికైంది.

మొదటి ట్రిప్ అయిన పది నెలలకి, జనవరిలో రెండో శనివారం, ఈసారి రైల్లో బయల్దేరాం. అత్తగారు కూడా. సెకండ్ సిట్టింగ్. చిన్నోడికి ఐదేళ్ళు నిండలేదు కాబట్టి టికెట్టూ లేదు సీటూ లేదు, కిటికీ పక్కన వాళ్ళ నాన్న ఒళ్ళే వాడి సీటు. వాంతి లేదు, యుద్ధం లేదు. మౌలాలి, ఘట్‌కేసర్, బీబీనగర్. భువనగిరి వచ్చేసరికి ఆ కొండ, కొండంటే మట్టీ చెట్లూ ఏం కాదు, బోర్లించిన కడాయిలాంటి ఒకే రాయి, దాని నెత్తిన కోట, రైలు కిటికీలోంచి అలా కనబడుతూనే ఉంది చాలాసేపు. "అంత పెద్ద రాయా!" అని పెద్దది నోరు తెరిచింది. అప్పుడు వాళ్ళ నాన్న ఒక్క మంచి పని చేశాడు, చదవడం మానేసి ఒక్క ముక్క చెప్పాడు: మనం వెళ్ళే ఊరి పేరు కూడా రాయే. ఓరుగల్లు అంటే ఒంటిరాయి, అందుకే ఏకశిలా నగరం అంటారు.

"ఏదా రాయి?"

ఆ రెండు రోజులూ ఆ ఒక్క ప్రశ్నే మమ్మల్ని నడిపించింది. తొమ్మిది ఐటెమ్‌ల లిస్టు చేయలేని పని అది చేసింది.

కాజీపేటలో రైలు ఆగినప్పుడు చిన్నోడికి పండగ. బల్లార్షా వైపు వెళ్ళే లైను, విజయవాడ వైపు వెళ్ళే లైను చీలేది అక్కడే, ఇంజన్ల షెడ్లున్నాయి, ఎటు చూసినా పట్టాలు. మేం అక్కడే దిగాం, హనుమకొండకి అది దగ్గర. నలభై నిమిషాలు ప్లాట్‌ఫాం మీదే కూచున్నాం. అవును, నలభై నిమిషాలు. ఒక గూడ్సు మొత్తం పెట్టెలు లెక్కపెట్టి, తప్పు లెక్కపెట్టి, ఇంకోటి వచ్చేదాకా ఆగి మళ్ళీ లెక్కపెట్టారు. మా ఆయన రెండుసార్లు వాచీ చూశాడు, నేను చూడనట్టు ఊరుకున్నాను. కార్లో వచ్చుంటే ఈ నలభై నిమిషాలు ఉండేవే కావు, వాడికి మాత్రం ఇప్పటికీ వరంగల్ అంటే ముందు ఆ గూడ్సే.

మర్నాడు పొద్దున్నే కోటకి. ఆటో అతను మా సంతని చూసి, "పిల్లలున్నరు గదమ్మా, జల్ది పోర్రి, ఎండైతే తిరగలేరు" అన్నాడు. తిరగలేకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలిసినంత అతనికి తెలియదు.

వరంగల్ కోట గురించి నాకు నచ్చేది, అది టికెట్టు కౌంటర్ దగ్గర మొదలవదు. ఊరు మధ్యలో నడుస్తూ నడుస్తూ ఉంటే ముందు మట్టిగోడ, ఆ తర్వాత రాతిగోడ, గోడ పక్కన కందకం, ద్వారం లోపల రోడ్డు నేరుగా పోకుండా ఇటు తిరిగి అటు తిరిగి వెళ్తుంది. దండెత్తి వచ్చే ఏనుగులూ గుర్రాలూ ఒక్క ఊపున దూసుకు రాకుండా పెట్టిన మలుపులవి. ఇప్పుడు ఆ మలుపుల్లో ఆటోలు హారన్ కొట్టుకుంటూ ఒకదానికొకటి దారిస్తున్నాయి. లోపల ఇళ్ళున్నాయి, పొలాలున్నాయి, గోడకి ఆనించి ఎవరో గేదెని కట్టేశారు. మా పెద్దది, "ఇక్కడ మనుషులుంటారా, కోటలో!" అంది. దానికి కోటంటే గోల్కొండే, టికెట్టు కొని లోపలికెళ్ళి బయటికి వచ్చేసేది.

మధ్యలో నాలుగు తోరణాలు. నాలుగు దిక్కులకీ ఒక్కోటి, మధ్యలో ఉండాల్సిన స్వయంభూ శివుడి గుడి మాత్రం లేదు. ఢిల్లీ సేనలు 1323లో ఓరుగల్లుని పట్టుకున్నాక కూలిపోయింది, ముక్కలు ఆ మైదానం అంతా పేర్చి ఉన్నాయి. తోరణాన్ని పిల్లలు చూడగానే గుర్తుపట్టారు. తెలంగాణ రాజముద్రలో చార్మినార్ చుట్టూ ఉండే కమాను అదే, రోజూ ఏదో ఒక గవర్నమెంటు కాయితం మీద కనబడేదే. "ఇది నిజంగా ఉందా!" అని వాళ్ళ ఆశ్చర్యం.

వాళ్ళకి తోరణం ఐదు నిమిషాల్లో అయిపోయింది. కింద పడి ఉన్న ముక్కలు మాత్రం గంటన్నరైనా అవలేదు. తొండం లేని ఏనుగు. కాలు విరిగిన సింహం. ఒక రాతి కమ్మీ మీద పూలదండ, దండ చివర ఉండాల్సిన పువ్వు పక్క రాయిలో ఉంది, పెద్దది దాన్ని కనిపెట్టింది. ఇక చూసుకోండి, జిగ్‌సా పజిల్ అన్నమాట, ఈ ముక్క దేనిది, ఆ ముక్క దేనిది అని వెతుకులాట. వాళ్ళ నాయనమ్మ ఒక స్తంభం దిమ్మె మీద కూచుని, "ఆ పక్షికి తోకలో ఆకులున్నాయి చూడవే, పక్షా తీగా అది?" అని పైకి చూపించారు. తలెత్తి చూస్తే నిజమే, తోరణం మీద పక్షుల తోకలు తీగల్లా చుట్టుకుంటూ పోతాయి. మొదటి ట్రిప్పులో కోట దాకా రానేలేదు గానీ, వచ్చి ఉన్నా ఆ తోకలు నా కంట పడేవి కావు. దానికి దిమ్మె మీద కూచునేంత తీరిక కావాలి.

రాయి సంగతి మర్చిపోలేదు. అక్కడే, కోటలోనే ఉంది ఏకశిల గుట్ట. పక్కనే ఖుష్ మహల్, కిందికి వచ్చేకొద్దీ లావెక్కే గోడలతో పెద్ద హాలు, దాన్ని అలా చూసి ఇలా వచ్చేశాం, పిల్లలు ఆగలేదు. గుట్ట ఎక్కాక పెద్దది అరికాలితో రాయిని రెండుసార్లు తన్ని చూసి, "ఇదేనా?" అంది. ఇదే. "భువనగిరిదే పెద్దది" అంది. ఓరుగల్లు మొత్తాన్ని అలా ఒక్క మాటతో తీసిపారేసి, కిందికి చూస్తూ మేం వచ్చిన దారి ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టింది.

అంతే. ఆ ట్రిప్పులో మేం చూసింది ఒక కోట, ఒక రైల్వే స్టేషను. మధ్యాహ్నం అన్నం తిని అందరం నిద్రపోయాం. ట్రిప్పులో మధ్యాహ్నం నిద్ర! మా ఆయనకి ఇది మింగుడుపడలేదు. "అరవై డెబ్బై కిలోమీటర్లలో వరల్డ్ హెరిటేజ్ సైటు పెట్టుకుని నిద్రేంటి?" అన్నాడు. రామప్ప ఎనిమిది వందల ఏళ్ళ నుంచీ ఉంది, పరిగెత్తిపోదు, చిన్నోడి నిద్ర మాత్రం గంట దాటితే పోతుంది అన్నాను. ఇప్పటికీ ఈ వాదనలో ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. నిజానికి ఆయన వైపూ న్యాయం ఉంది. దూరం నుంచి, ఏ వైజాగ్ నుంచో, అమెరికా నుంచి సెలవుకో వచ్చినవాళ్ళయితే మళ్ళీ వస్తామని గ్యారంటీ లేదు, వాళ్ళు పరిగెత్తాల్సిందే. నా మాటంతా రెండు గంటల దూరంలో ఉన్నవాళ్ళకి. దగ్గరగా ఉండటం వల్ల ఒనగూడే లాభం, ఇవాళ కాకపోతే ఇంకోసారి అనుకోగలగడం. ఆ ఒక్క లాభాన్నీ వదులుకుని దూరం ఊరిని చూసినట్టు దగ్గర ఊరిని చూస్తాం, ఇదే నాకు అర్థం కాదు.

సాయంత్రం హనుమకొండలో ఒక చిన్న కొట్లో సర్వపిండి తిన్నాం. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, కారం కలిపి, గిన్నె అడుగున చేత్తో అద్ది, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె పోసి కాలుస్తారు. అత్తగారు ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని, "ఇది మా తపాలచెక్కే కదా!" అన్నారు. కొట్టావిడ, "మా దిక్కు కూడ తపాలచెక్క అంటరమ్మా, గిన్నప్ప అని కూడ అంటరు" అంది. ఇంకేం, ఇద్దరూ మొదలెట్టారు. పచ్చిమిర్చా ఎండుకారమా, ఉల్లికాడలు వేస్తారా వేయరా, గిన్నె వేడి మీదే రెండో చెక్క అద్దితే చేయి కాలదా. (చల్లార్చుకోవాలి, లేదా రెండో గిన్నె పెట్టుకోవాలి. నేనూ నేర్చుకున్నాను.) ఆ తర్వాత మేం ఎప్పుడు వెళ్ళినా ఆవిడ అత్తగారిని గుర్తుపడుతుంది. "పెద్దమ్మ రాలేదా?" అని అడిగింది ఒకసారి. ఒక ఊళ్ళో మనల్ని అలా అడిగేవాళ్ళు ఉండటానికి నా లెక్క ప్రకారం మూడు ట్రిప్పులు పడుతుంది.

మూడోసారి వేయి స్తంభాల గుడి ఒక్కటే. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించింది, శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి మూడు గర్భగుళ్ళు. ఇక్కడ పెద్దది చేసిన పని, స్తంభాలు లెక్కపెట్టడం. వెయ్యి ఉన్నాయా లేవా తేలాలి దానికి. ఎనభై ఆరు దాకా వచ్చి, ఆ మూల స్తంభం లెక్కలో వేసిందో లేదో గుర్తురాక మళ్ళీ మొదటికొచ్చింది. పక్కన ఇంకో కుటుంబానికి చూపిస్తున్న గైడు ఈ తంతు చూసి, చీపురుపుల్ల ఒకటి తీసి ఒక నల్లరాతి స్తంభం దగ్గరికి పిలిచాడు. రాతిలో గాజుల వరసలా చెక్కిన చోట, కంటికి కనీకనబడని సందు. పుల్ల ఇటు పెట్టి తోస్తే అటు వచ్చింది. పెద్దది పుల్ల తీసుకుని తనే తోసింది. తర్వాత చిన్నోడు. వాడికి పుల్ల విరిగింది, ఏడుపు, గైడు ఇంకో పుల్ల ఇచ్చాడు. మా పిల్లలకి డబ్బులు కూడా తీసుకోలేదాయన. గుడికి ఎదురుగా ఉన్న కల్యాణ మంటపాన్ని ఏళ్ళ తరబడి రాయి రాయిగా విప్పి మళ్ళీ నిలబెట్టి 2024లో తెరిచారని చెబితే పెద్దది కోటలో ముక్కల్ని గుర్తుచేసుకుంది. "మరి అక్కడి గుడిని ఎందుకు నిలబెట్టరు?" అంది. నా దగ్గర మంచి జవాబు లేదు. కానీ ఆ ప్రశ్న వేయాలంటే కోటని ఒకసారి, మంటపాన్ని ఇంకోసారి చూసి, మధ్యలో కొన్ని నెలలు దాని సంగతే పట్టించుకోకుండా ఉండాలి.

అలాగని అన్నీ చక్కగా జరుగుతాయని కాదు. పోయిన నెల, అంటే నాలుగోసారి, చిన్నోడికి జ్వరం వచ్చింది. శనివారం రాత్రంతా రూములో పారాసెటమాల్ సిరప్, తడిగుడ్డ. ఆదివారం పొద్దున్నే రైలెక్కేశాం, ఏమీ చూడలేదు. ఇదే కొత్త ఊరికి, ఆరు గంటలు కారు తోలి వెళ్ళి ఉంటే ఇంత డబ్బు తగలేసి ఇంత దూరం వచ్చామే అని ఒకరి మీద ఒకరం విసుక్కునేవాళ్ళం. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. సామాను సర్దుతుంటే పెద్దది మాత్రం, "సర్వపిండైనా కొనుక్కుని వెళ్దాం" అంది. కొనుక్కున్నాం.

సోమవారం పక్క సీటామెతో నేను అన్న వరంగల్ ఇదే. ఏం చూశారని అడిగి ఉంటే ఏమీ లేదనే చెప్పాల్సి వచ్చేది.

వేసవి రాకముందే ఇంకోసారి వెళ్ళాలని అత్తగారే అంటున్నారు. ఈసారి రామప్ప ఒక్కటే, పొద్దున్నే, రాళ్ళు వేడెక్కకముందు, కావాలంటే సాక్సులతో. నిన్న రాత్రి ఫ్రిజ్ మీద మా ఆయన కాయితం అంటించాడు. పెన్నుతో ఒకటే పేరు, రామప్ప. టైములు లేవు. దాని కింద పెన్సిల్‌తో, చాలా చిన్న అక్షరాల్లో, లక్నవరం అని రాసి పక్కన క్వశ్చన్ మార్క్ పెట్టాడు.